దమ్ము చక్రాలు, పాత ఇనుము: కృష్ణా పశ్చిమ డెల్టాలో ట్రాక్టరు పనిముట్ల గతం

1855లో బెజవాడ వద్ద కృష్ణానదిపై ఆనకట్ట పూర్తై, దుగ్గిరాల వద్ద చీలే కాలువల ద్వారా తెనాలి, రేపల్లె, బాపట్ల ప్రాంతాలకు నీరు చేరిన తరువాత, ఈ పశ్చిమ డెల్టాలో సేద్యపు పనిముట్ల స్వరూపాన్ని ప్రధానంగా బురదే నిర్ణయించింది. మెట్ట సేద్యంలో దుక్కి అంటే ఎండిన నేలను పెళ్లగించి గుల్లచేయడం. మాగాణిలో జరిగేది అందుకు భిన్నమైన పని. నీరు నిలగట్టిన మడిని మళ్లీ మళ్లీ కలియదున్ని, మట్టిని మెత్తని బురదగా మార్చి, కలుపును అందులోనే అణగదొక్కి, అడుగున నీరు త్వరగా ఇంకని గట్టి పొర ఏర్పడేటట్లు చేయడాన్ని దమ్ము చేయడం అంటారు. తెనాలి, రేపల్లె చుట్టుపక్కల బరువైన నల్లనేలల్లో ఈ పనిని తరతరాలుగా ఎడ్లూ దున్నపోతులూ చేశాయి. కర్రు అరిగితే సాగదీసి పదును పెట్టడానికి కమ్మరి, మేడి విరిగితే కొత్తది చెక్కడానికి వడ్రంగి ఊళ్లోనే ఉండేవారు కనుక, పనిముట్టు తయారీకీ మరమ్మతుకూ మధ్య పెద్ద తేడా ఉండేది కాదు.

ట్రాక్టరు ఈ నేల కోసం పుట్టిన యంత్రం కాదు. హ్యారీ ఫెర్గూసన్ రూపొందించిన మూడు బిందువుల అనుసంధానం, అంటే కింద రెండు కడ్డీలూ పైన ఒకటీ కలిసి పనిముట్టును ట్రాక్టరు వెనుక పట్టి ఉంచగా నూనె ఒత్తిడితో దానిని లేపి దించే ఏర్పాటు, 1939లో ఫోర్డ్ ట్రాక్టరుతో పెద్దయెత్తున ప్రచారంలోకి వచ్చింది. దిగుమతుల దశ దాటి, 1959లో ఫరీదాబాద్‌లో ఐషర్ సంస్థ దేశంలో తయారైన తొలి ట్రాక్టరును వెలువరించడం, మరుసటి ఏడాది మద్రాసులో టాఫే సంస్థ ఏర్పడి మాస్సీ ఫెర్గూసన్ ట్రాక్టర్ల తయారీకి పూనుకోవడంతో ఆంధ్ర రైతుకు ట్రాక్టరు క్రమంగా అందుబాటులోకి వచ్చింది. దాని వెంట వచ్చిన పనిముట్లలో ముఖ్యమైనవి రెండు: పుటాకారపు ఉక్కు పళ్లేలు తిరుగుతూ నేలను కోసి తిరగవేసే డిస్కు నాగలి, వరుసగా బిగించిన కొంకి కర్రులతో మట్టిని చీల్చే కల్టివేటరు. వీటిలో రెండవదానిని రైతులు తమకు అలవాటైన గొర్రు పేరుతోనే పిలుస్తారు. ఈ రెండూ పొడినేల అవసరాల నుంచి పుట్టినవే. నీరు నిండిన మడిలో దిగగానే ట్రాక్టరు రబ్బరు చక్రం జారి, ఉన్నచోటనే తిరిగి, కూరుకుపోతుంది.

ఈ చిక్కుకు సమాధానం దమ్ము చక్రం. వెనుక టైర్ల పక్కన బిగించడానికో, టైర్లను తీసి వాటి స్థానంలో తగిలించడానికో వీలుగా చేసిన ఈ ఇనుప పంజరానికి చుట్టూ అడ్డంగా యాంగిల్ పట్టీలు ఉంటాయి. అవి బురదలోకి దిగి అడుగు గట్టినేలను పట్టుకుంటాయి, ట్రాక్టరు బరువును ఎక్కువ వెడల్పుకు పంచుతాయి, అన్నింటికంటే ముఖ్యంగా తిరుగుతూనే మట్టిని చిలుకుతాయి. అంటే ట్రాక్టరును నడిపే చక్రమే పనిముట్టు కూడా అవుతుంది. కంపెనీ ముద్ర, క్రమసంఖ్య ఉన్న నాగళ్లకు భిన్నంగా ఈ చక్రాలలో చాలావరకు స్థానిక వెల్డింగ్ షాపుల్లో, నక్షా ఏదీ లేకుండా, పాత చక్రాన్ని చూసి కొత్తది చేసే పద్ధతిలో తయారయ్యాయి. పట్టీ వెడల్పు, వాలు, పట్టీల మధ్య ఎడం నేల లోతును బట్టి మారుతూ వచ్చాయి. ట్రాక్టరు చరిత్ర రాసేవారు ఇంజన్ల గుర్రపు బలానికి ఇచ్చిన పేజీలలో పదోవంతు కూడా ఈ చక్రానికి ఇవ్వకపోవడం విచిత్రమే, ఎందుకంటే వరి పొలంలో ట్రాక్టరుకు స్థానం సంపాదించిపెట్టింది ఇదే.

బాపట్ల తీరం వైపు వెళ్లేకొద్దీ నేల ఇసుకపాలు పెరిగి, వేరుశనగ వంటి పంటలు కనిపించి, దమ్ము చక్రం కంటే గొర్రుకు పని ఎక్కువవుతుంది. 1945లో వ్యవసాయ కళాశాల నెలకొన్న ఈ పట్టణం రెండు రకాల నేలల సరిహద్దులో ఉన్నందున, ఒకే ట్రాక్టరుకు రెండు రకాల పనిముట్లు అవసరపడే పరిస్థితి ఇక్కడ సహజం. రేపల్లె వైపు మరో విశేషం ఉంది. వరి కోతకు రెండు మూడు రోజుల ముందు, పైరు నిలిచి ఉండగానే తడి నేలలో మినుము, పెసర చల్లే పద్ధతిలో రెండో పంటకు దుక్కి అక్కరలేదు. అందువల్ల దమ్ము ముగిశాక చక్రాలు నెలల తరబడి ఉప్పుగాలిలో పనిలేకుండా పడి ఉంటాయి. వాడకంలో అరిగిన దానికంటే ఖాళీగా ఉండి తుప్పు తిన్నదే ఎక్కువ.

ఆస్ట్రేలియాలో ఆర్థర్ క్లిఫర్డ్ హోవర్డ్ 1912లో మొదలుపెట్టిన ప్రయోగాల నుంచి పుట్టిన రోటావేటరు, ట్రాక్టరు వెనుక తిరిగే ఇరుసు నుంచి శక్తి తీసుకొని కత్తులతో మట్టిని నలిపే యంత్రం, డెల్టాలో స్థిరపడిన తరువాత పాత డిస్కు నాగళ్లు కొట్టాలకు, అక్కడి నుంచి తూకానికి చేరసాగాయి. దమ్ము చక్రాలు తారురోడ్లను చీల్చివేస్తున్నాయని అధికారులు రోడ్డుపై వాటిని నిషేధించి జరిమానాలు వేయడం మరో ఒత్తిడి అయింది. తూకానికి వెళ్లే ఇనుముకు తెనాలిలో మరో గమ్యం కూడా ఉంది. అక్కడి సూర్య శిల్పశాల నట్లు, బోల్టులు, పళ్లచక్రాల వంటి ఇనుప వ్యర్థాలతో విగ్రహాలు చేసి పేరు పొందింది. 2021లో రూపొందిన ప్రధాని నరేంద్ర మోదీ 14 అడుగుల విగ్రహం వాటిలో ఒకటి. ఈ కళ గౌరవించదగినదే గాని, విగ్రహంలో అమరిన పళ్లచక్రం తన ఆకారాన్ని నిలుపుకొని తన పనిని మరచిపోతుంది. చరిత్రకారుడికి కావలసింది ఆ పనే.

ఇటువంటి పనిముట్లను కాపాడడానికి చట్టం నుంచి సహాయం దొరకదు. 1972 పురావస్తువుల చట్టం సాధారణంగా నూరేళ్లు దాటిన వాటినే పురావస్తువులుగా గుర్తిస్తుంది. పాత వాహనాల నమోదుకు 2021లో వచ్చిన కేంద్ర నిబంధనలు యాభై ఏళ్లు దాటిన సొంత వాడకపు వాహనాలకు వర్తిస్తాయే తప్ప, నంబరు పలక లేని గొర్రుకూ చక్రానికీ కాదు. ఇక నిర్ణయం యజమానిదే. అతని ముందు సాధారణంగా కనిపించే మార్గం తుప్పును రాయితో గీకించి, కంపెనీ రంగు వేయించి, వాకిట్లో నిలబెట్టడం. 2003లో రష్యాలోని నిజ్నీ తగిల్‌లో ఆమోదించిన పారిశ్రామిక వారసత్వ పత్రం ఇందుకు భిన్నమైన సూత్రం చెబుతుంది: జోక్యం కనీసంగా, వెనక్కి తీసుకోగలిగేదిగా ఉండాలి, తప్పనిసరి మార్పులను నమోదు చేయాలి, పూర్వరూపానికి తిప్పడం అరుదైన మినహాయింపుగానే ఉండాలి.

డెల్టా పనిముట్ల విషయంలో ఈ సూత్రానికి మరింత బలం ఉంది. కంపెనీ నుంచి వచ్చిన డిస్కు నాగలికి విడిభాగాల జాబితా ఉంటుంది, అటువంటివి ఇతర చోట్ల కూడా మిగిలి ఉంటాయి. కనుక దానిని పని చేసే స్థితికి తెచ్చి, బేరింగులు మార్చి, పొలంలో తిప్పి చూపినా పెద్ద నష్టం లేదు. దమ్ము చక్రం అలా కాదు. విరిగిన పట్టీకి వేసిన అతుకు, బలం చాలదని తరువాత చేర్చిన అడ్డకడ్డీ, లోతు నేల కోసం వెడల్పు పెంచిన జాడ, ఇవే దాని చరిత్ర; నున్నగా సానపట్టి రంగు వేస్తే చెరిగిపోయేవి కూడా ఇవే. దానికి వదులు తుప్పు దులిపి, ఉప్పు పోయేలా మంచినీటితో కడిగి, పూర్తిగా ఆరబెట్టి, నూనె పూసి, నేల తగలకుండా దిమ్మెలపై ఉంచితే చాలు.

బాపట్లలోని వ్యవసాయ ఇంజనీరింగ్ కళాశాల వంటి సంస్థ విద్యార్థులతో ఇటువంటి చక్రాల కొలతలు తీయించి బొమ్మలు గీయిస్తే, ఇనుము కంటే ముందుగా మాయమయ్యే సమాచారం కొంత నిలుస్తుంది. కొలవవలసిన వాటిలో పట్టీల సంఖ్య, వాలుతో పాటు మధ్య పలకలోని బోల్టు రంధ్రాలను ప్రత్యేకంగా గమనించాలి. ట్రాక్టరు తయారీని బట్టి ఆ రంధ్రాల అమరిక మారవచ్చు కనుక, ఒకే పలకపై రెండు వరుసల రంధ్రాలు కనిపిస్తే ఆ చక్రం ఒక ట్రాక్టరు నుంచి మరొక దానికి మారి ఉంటుందని భావించవచ్చు.