పొలిమేర దాటు ఇనుపదారి

చిత్తూరునుండి పడమటి దిక్కుగా బెంగుళూరు బాట పట్టిన వారికి మొదట బంగారుపాళ్యము, పిమ్మట మొగిలి, ఆపైన కనుమ, కనుమ నెక్కినంతనే పలమనేరు తగులును. బాటకు రెండువైపుల మామిడితోపులు. ఈ బాట నిన్న మొన్నటిది కాదు. 1791వ సంవత్సరము ఫిబ్రవరిలో కారన్‌వాలిస్ ప్రభువు టిప్పు సుల్తానుపై దండెత్తినపుడు, ఆంబూరు కనుమల మీదుగా పోవువానివలె నటించి, సైన్యమును చిత్తూరు వైపు మరలించి, ఈ మొగిలి కనుమ నెక్కి పలమనేరు చేరెను. ఎదిరించువారు లేకపోయిరి. మార్చి నెలలో బెంగుళూరు కోట అతని వశమయ్యెను.

సేనలు ఎరిగిన ఈ బాటను, డెబ్బది యేండ్ల తరువాత వచ్చిన రైలు మాత్రము ఎరుగలేదు. అది ఆంబూరు దారినే పోయెను. నాటినుండి నేటివరకు బంగారుపాళ్యమునకు ఇనుపదారి లేదు.

ఇప్పుడు ఈ ప్రాంతమున మరల రైలుమాట వినవచ్చుచున్నది. చెన్నై, బెంగుళూరు, మైసూరు నగరములను కలుపు అతివేగపు రైలుమార్గము, అనగా జనులు బుల్లెట్ రైలు అనుచున్నది, 435 కిలోమీటర్ల పొడవున ప్రతిపాదనలో నున్నది. ఆ ప్రణాళికలో చూపిన తొమ్మిది స్టేషన్లలో ఆంధ్రప్రదేశమునకు దక్కినది ఒక్కటే, చిత్తూరు. దానికి ముందుది తమిళనాడులోని అరక్కోణము. తరువాతది కర్ణాటకలోని బంగారుపేట. 2026 ఫిబ్రవరి 1వ తేదీన కేంద్ర బడ్జెట్టులో ప్రకటించిన ఏడు అతివేగ మార్గములలో చెన్నై–బెంగుళూరు మార్గమును చేర్చిరి. ఇట్టి రైలు మూడు రాష్ట్రముల పొలిమేరలను దాటి పోవునపుడు లాభమెవరిది, నష్టమెవరిది, ఖర్చెవరిది అను ప్రశ్నకు సమాధానము వెదకుటకు మనము దూరము పోనక్కరలేదు. మన సీమ చరిత్రలోనే అది యొకమారు జరిగియున్నది.

దక్షిణదేశమున మొదటి రైలు 1856 జూలై 1వ తేదీన చెన్నపట్టణములోని రాయపురమునుండి ఆర్కాటు వరకు, అనగా నేటి వాలాజా రోడ్డు స్టేషను వరకు నడచెను. దానిని వేసిన మద్రాసు రైల్వే కంపెనీవారి గురి పడమటి సముద్రము. 1862 నాటికి ఆ దారి కాట్పాడి, జోలారుపేట, సేలము మీదుగా మలబారు తీరమున బేపూరు చేరెను. బెంగుళూరునకు వేసినది ఈ పెద్దదారినుండి జోలారుపేట వద్ద చీల్చిన కొమ్మ మాత్రమే. 1864లో బెంగుళూరు దండు స్టేషనునకు బండ్లు వచ్చెను. పెద్దదారి పాలారు లోయ వెంట పోయినది కావున, కొమ్మయు అచ్చటినుండియే చీలి, కుప్పము మీదుగా పోయెను. నాటికి ఉత్తర ఆర్కాటు జిల్లాకు ముఖ్యపట్టణమైన చిత్తూరు సయితము ప్రక్కన నిలిచిపోయెను. ఒక ఊరికి రైలు వచ్చుటయు రాకపోవుటయు ఆ ఊరి అవసరమునుబట్టి గాక, దారికి రెండు కొనల నున్నవారి అవసరమునుబట్టి నిర్ణయమగుచుండునని ఈ కథ చెప్పుచున్నది.

అదియు పొలిమేర దాటిన దారియే. ఒక ప్రక్క మద్రాసు రాజధాని, మరియొక ప్రక్క మైసూరు రాజ్యము. అయితే 1831నుండి 1881 వరకు మైసూరు పరిపాలన ఆంగ్ల కమిషనర్ల చేతిలో నుండెను గనుక, ఇరుప్రక్కల ఒకే దొరతనమువారి మాట చెల్లినది. బౌరింగు అను కమిషనరు పేరనే బౌరింగుపేట వెలసినది. అదే నేటి బంగారుపేట. ఆ దారివలన కలిగిన మేలు చిన్నది కాదు. బెంగుళూరు దండునకు సముద్రపు రేవుతో సంబంధ మేర్పడెను. 1880 తరువాత కోలారు బంగారు గనులు పెరిగినపుడు బొగ్గు, యంత్రములు, కూలిజనము ఆ దారినే పోయిరి. ఆ గనులలో పనిచేసినవారిలో మన చిత్తూరు సీమవారు, ఉత్తర ఆర్కాటువారు అనేకులు. ఆంబూరు, వాణియంబాడి తోళ్ల వ్యాపారమునకు పేరుపొందిన పట్టణములయ్యెను. బండి ఆగిన చోట బజారు పెరిగెను.

మరి సొమ్మెవరిది? కంపెనీ వాటాదారులకు నూటికి అయిదు వంతున వడ్డీ ముట్టజెప్పుదుమని ప్రభుత్వము హామీ నిచ్చెను. రైలు సంపాదన ఆ వడ్డీకి చాలనపుడు లోటును భారతదేశపు ఖజానా పూరించెను. ఖజానాకు ఆధారము రైతు కట్టు శిస్తు. బండి నెన్నడు చూడని రైతును ఆ విధముగ లండను వాటాదారుని వడ్డీకి పూచీపడెను. గోదావరిపై ఆనకట్ట కట్టిన సర్ ఆర్థర్ కాటన్ ఈ పద్ధతిని తీవ్రముగ విమర్శించెను. అంత సొమ్మును కాలువలకు, నీటిదారులకు వెచ్చించినచో పంటయు పండును, సరకును చౌకగా సాగునని ఆయన వాదము. కాటన్ చెప్పినదంతయు ఒప్పుకొనవలెనని లేదు. కాని ఒక పనికి పెట్టిన రూపాయి మరియొక పనికి లేకుండ పోవునను మాట మాత్రము ఎన్నటికిని చెల్లును.

పరీక్ష 1876–78 కరవులో వచ్చినది. రైలు ఉన్నది గనుక మద్రాసు రేవున దిగిన ధాన్యము బెంగుళూరు చేరగలిగెను. కాని స్టేషనునుండి పల్లెలకు చేర్చువారెవరు? మేత లేక ఎద్దులు చచ్చెను, బండ్లు కదలలేదు. 1871 లెక్కలలో 50 లక్షలకు మించియున్న మైసూరు జనసంఖ్య 1881 నాటికి సుమారు 42 లక్షలకు తగ్గెను. పెద్దదారి ఉన్నంతమాత్రమున చాలదు, దానికి పిల్లదారులు కావలెనని ఆ కరవు నేర్పెను. 1880లో కరవు సంఘమువారు క్షామరక్షణకై క్రొత్త రైళ్లు వేయవలెనని సిఫారసు చేసిరి. కాట్పాడినుండి చిత్తూరు, పాకాల మీదుగా తిరుపతికిని, పాకాలనుండి ధర్మవరమునకును మీటరుగేజి దారులు 1890వ దశకపు తొలినాళ్లకు వచ్చినవి. చిత్తూరునకు రైలు వచ్చినది గాని, దాని పట్టాల వెడల్పు వేరు. పెద్దదారిమీదికి పోవలసిన సరకును కాట్పాడి వద్ద దింపి మరల నెక్కించవలసి వచ్చెను.

ఇక పొలిమేరల సంగతి. 1911 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా ఏర్పడెను. 1953 అక్టోబరు 1న అది ఆంధ్రరాష్ట్రములో చేరెను. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి ప్రాంతము మద్రాసు రాష్ట్రమునకు పోయెను. రైలుపట్టాలు ఉన్నచోటనే ఉన్నవి. వాటి క్రిందుగా ఎల్లలు మాత్రము మారినవి. ఒకప్పుడు ఒకే దొరతనమువారు నిర్ణయించిన దానిని నేడు మూడు రాష్ట్రములు, కేంద్రము కూర్చుండి తేల్చుకొనవలెను. అతివేగపు రైలునకు సంబంధించిన మొదటి చిక్కు ఇదియే.

విదేశముల అనుభవము కొంత చూతము. జపానువారు 1964 అక్టోబరు 1న టోకియో–ఒసాకాల నడుమ లోకములో మొదటి అతివేగపు రైలును నడపిరి. ప్రపంచబ్యాంకు 8 కోట్ల డాలర్ల అప్పు నిచ్చినది. ఖర్చు అంచనాకు దాదాపు రెట్టింపయ్యెను. అయినను దారి పొడవున పెద్ద నగరములు, కర్మాగారములు క్రిక్కిరిసి యుండుటచేత బండ్లు నిండినవి, అప్పు తీరినది. ఇంగ్లండు, ఫ్రాన్సు దేశముల నడుమ సముద్రము క్రింద త్రవ్విన సొరంగము 1994 మే 6న ప్రారంభమయ్యెను. దాని ఖర్చు అంచనాను 80 శాతము మించెను. అనుకొన్నంతమంది ప్రయాణికులు రాలేదు. వాటాలు కొన్న సామాన్యులు నష్టపోయిరి. అదే దారిపై ఫ్రాన్సులో రెండు పట్టణముల కథ మనము ముఖ్యముగ గమనింపదగినది. లిల్ పట్టణమువారు పట్టుబట్టి దారిని తమ ఊరి నడుమకు తెప్పించుకొనిరి, స్టేషను చుట్టును క్రొత్త వ్యాపారపేట నిర్మించిరి, ఊరు బాగుపడెను. అమియెన్ పట్టణమువారు కూడ అడిగిరి గాని దారి వారిని తప్పించి పోయెను. మన ఆంబూరు, చిత్తూరుల కథయే అచ్చట మరల జరిగినది.

మన దేశమున ముంబయి–అహమ్మదాబాదు మార్గమునకు 2017 సెప్టెంబరు 14న శంకుస్థాపన జరిగెను. పొడవు 508 కిలోమీటర్లు. నాటి అంచనా సుమారు 1,08,000 కోట్ల రూపాయలు. అందు 81 శాతము జపాను అప్పు. వడ్డీ నూటికి పదిపైసలు, గడువు 50 సంవత్సరములు. వడ్డీ స్వల్పమే, కాని అప్పు యెన్నులలో తీర్చవలెను. ఏబది యేండ్లలో రూపాయి విలువ తగ్గినచో అసలే బరువగును. ఆ సంస్థ మూలధనములో కేంద్రమునకు సగము, గుజరాతు, మహారాష్ట్రములకు చెరియొక పాతిక వంతు. స్టేషన్లు మాత్రము గుజరాతునకు ఎనిమిది, మహారాష్ట్రమునకు నాలుగు. ఈ లెక్కను మన దారికి అన్వయించినచో ప్రశ్న స్పష్టమగును. ఒక్క స్టేషను గల ఆంధ్రప్రదేశము ఎంత వాటా పెట్టవలెను? కొనలయందున్న రెండు మహానగరములకు కలుగు లాభమునుబట్టియా, పట్టాల పొడవునుబట్టియా, స్టేషన్ల సంఖ్యనుబట్టియా? ఈ లెక్క ముందుగా వ్రాసికొనవలెను గాని, పని సగమైన పిదప కాదు.

బంగారుపాళ్యమునకు దీనివలన వచ్చునదేమి? ఇచ్చటి ప్రాణము మామిడి. మనవారు బెంగుళూరా అని పిలుచు తోతాపురి కాయకు బంగారుపాళ్యము మార్కెట్టు యార్డు పేరుపొందినది. కాయలు గుజ్జు ఫ్యాక్టరీలకు పోవును. అతివేగపు రైలు మనుష్యులను మోయును గాని మామిడికాయలను మోయదు. కాయకు పొలిమేర ఎంత అడ్డమో 2025 వేసవిలో మనము చూచితిమి. ధర పడిపోగా, జిల్లా అధికారులు పొరుగు రాష్ట్రముల తోతాపురి చిత్తూరు జిల్లాలోనికి రాకుండ జూన్ నెలలో నిషేధించిరి. కర్ణాటక ముఖ్యమంత్రి మన ముఖ్యమంత్రికి లేఖ వ్రాసిరి. ఇచ్చట మన రైతు, అచ్చట కోలారు సీమ రైతు, ఇద్దరును నష్టములోనే యుండిరి. మనుష్యులు గంటకు 250 కిలోమీటర్ల సగటు వేగమున పొలిమేర దాటుదురు గాక. కాయ చెక్‌పోస్టు వద్ద ఆగిపోవుచున్నంతవరకు ఈ సీమకు ఆ వేగమువలన కలుగు ఫలము కొద్దియే.

అయినను లాభము లేదనరాదు. ప్రయాణికులు క్రొత్త దారికి మరలినచో పాతదారిపై సరకుబండ్లకు చోటు దొరకును. చిత్తూరు స్టేషను నిజముగ నిర్మాణమై, బండ్లలో తగినన్ని అచ్చట ఆగినచో, పలమనేరు, బంగారుపాళ్యము పిల్లలు ఇంటనుండియే బెంగుళూరు చదువులకు, చెన్నై ఆసుపత్రులకు పోయిరాగలరు. కాని టిక్కెట్టు ధర వారికి అందుబాటులో నుండవలెను. స్టేషనునకు పోవు బస్సు వేళకు రావలెను. బెంగుళూరు–చెన్నై ఎక్స్‌ప్రెస్ రహదారి బైరెడ్డిపల్లె, బంగారుపాళ్యము, గుడిపాల మీదుగనే వేయబడుచున్నది. ఆ రహదారిమీదికి ఎక్కుటకును దిగుటకును నిర్ణీత స్థలములు తప్ప వేరు లేవు. వేగమునకు నిర్మించిన దారులన్నిటి స్వభావము అదియే: దారి ప్రక్కనుండుట వేరు, దారి అందుబాటులో నుండుట వేరు.

నేల సంగతి చివరిది గాని చిన్నది కాదు. 1894 చట్టము ప్రకారము భూమి పోయినవానికి ధరపైన 15 శాతము అదనముగ నిచ్చెడివారు. 1984లో అది 30 అయ్యెను. 2013 చట్టముతో నూటికి నూరయ్యెను. ఇది మంచి మార్పు. ముంబయి మార్గమువలె దారిలో అధికభాగమును స్తంభములపై నడపినచో పట్టుకొను నేల వెడల్పు పదునేడున్నర మీటర్లే. చెరువుకు నీరు తెచ్చు వాగులు, పశువులు పోవు దారులు తెగిపోవు. కాని మామిడిచెట్టు కాపుకు రావలెనన్నను ఏండ్లు పట్టును. దానిని నమ్ముకొన్న కౌలుదారునకు, తోటకూలికి భూమిపత్రము లేదు. వారిని లెక్కలో చేర్చని పరిహారము సగము పరిహారమే.

కావున బండి ఎంత వేగముగ పోవునని అడుగుటకు ముందు మూడు మాటలు అడుగవలెను. అది ఎచ్చట ఆగును? ఆగినచోటినుండి పల్లెకు దారి యేది? లోటు వచ్చినచో ఎవరు భరింతురు? 1864లో ఈ ప్రశ్నలను అడుగు హక్కు ఈ సీమవారికి లేదు. నేడు ఆ హక్కు ఉన్నది. గ్రామసభ ఉన్నది, శాసనసభ ఉన్నది, పార్లమెంటు ఉన్నది. సర్వే రాళ్లు పాతిన పిదప కాదు, పటముపై గీత గీయుచున్నపుడే ఆ నోరు విప్పవలెను. మొగిలి కనుమ క్రింద నిలిచి చూచువానికి రైలు ఒక మెరుపువలె పోవునదిగా మాత్రమే మిగులునా, ఎక్కి దిగు బండిగా నగునా అనునది ఆ మాటపైననే ఆధారపడియున్నది.