వీడియో క్యాసెట్ ప్రమాణాల పోరు (1975–1988): మేలైనది ఓడిపోయిందా?

లక్ష్యాలు
ఈ పాఠం చదివాక మీరు:
– సాంకేతిక ప్రమాణం అంటే ఏమిటో చెప్పగలుగుతారు.
– బీటామ్యాక్స్‌పై వీహెచ్ఎస్ గెలవడానికి కారణాలను వివరించగలుగుతారు.
– ప్రమాణాల పోటీలో కూటముల పాత్రను అంచనా వేయగలుగుతారు.

1. పరిచయం
ఒక కంపెనీ బల్బు మరో కంపెనీ హోల్డర్‌లో చక్కగా అమరుతుంది. తయారీదారులందరూ ఒకే కొలతలను పాటించడమే దీనికి కారణం. ఇలా అందరూ ఒప్పుకున్న కొలతలను, నియమాలను సాంకేతిక ప్రమాణం అంటారు. ఒకే అవసరానికి పరస్పరం పొసగని రెండు ప్రమాణాలు మార్కెట్లోకి వస్తే, ఓడిన పక్షపు వస్తువు కొన్న వినియోగదారుడు కూడా నష్టపోతాడు. వీడియో క్యాసెట్ రికార్డర్ల చరిత్ర ఇందుకు మంచి ఉదాహరణ. ఇందులో మేలైన బీటామ్యాక్స్ ఓడి, నాసిరకం వీహెచ్ఎస్ గెలిచిందనే అభిప్రాయం ప్రచారంలో ఉంది. అది ఎంతవరకు నిజమో పరిశీలిద్దాం.

2. నేపథ్యం
1970లో జపాన్‌కు చెందిన సోనీ, మత్సుషిత, జేవీసీ కంపెనీలు యూ-మ్యాటిక్ అనే ఉమ్మడి ప్రమాణానికి అంగీకరించాయి. ముప్పావు అంగుళం టేపుతో నడిచే ఆ యంత్రం పెద్దది, ఖరీదైనది. అందువల్ల అది సంస్థలకే పరిమితమైంది. ఆ తర్వాత సోనీ ఇళ్లలో వాడుకోవడానికి వీలుగా అర అంగుళం టేపుతో బీటామ్యాక్స్‌ను రూపొందించింది. 1974లో దాన్ని మిగిలిన రెండు కంపెనీలకు చూపి, తనతో కలవమని కోరింది. అయితే అప్పటికే నమూనా దాదాపు ఖరారైంది. మార్పులు సూచించే అవకాశం భాగస్వాములకు పెద్దగా మిగలలేదు. జేవీసీ తన సొంత ప్రయత్నాన్ని కొనసాగించింది.

1975 మే నెలలో బీటామ్యాక్స్, 1976లో వీహెచ్ఎస్ జపాన్ మార్కెట్లోకి వచ్చాయి. రెండింటిలోనూ టేపు వెడల్పు ఒకటే. కానీ క్యాసెట్ పరిమాణం, యంత్రంలో టేపు తిరిగే తీరు వేరు. ఒకదాని క్యాసెట్ మరొకదానిలో పనిచేయదు.

3. రికార్డింగ్ వ్యవధి
తొలి బీటామ్యాక్స్ క్యాసెట్‌లో ఒక గంట కార్యక్రమమే పట్టేది. వీహెచ్ఎస్‌లో రెండు గంటలు పట్టేది. అంటే ఒక హాలీవుడ్ సినిమాను క్యాసెట్ మార్చకుండా రికార్డు చేసుకోవచ్చు. అమెరికాలోని ఆర్‌సీఏ కంపెనీ నాలుగు గంటలు కావాలని కోరగా, మత్సుషిత టేపు వేగం తగ్గించి ఆ కోరిక తీర్చింది. 1977లో సోనీ కూడా వేగం తగ్గించి వ్యవధిని రెండు గంటలకు పెంచింది. అయితే వేగం తగ్గితే బొమ్మ నాణ్యత తగ్గుతుంది. కాబట్టి తొలి బీటామ్యాక్స్‌కు ఉన్న నాణ్యతలోని ఆధిక్యం చాలావరకు తరిగిపోయింది.

4. కూటముల నిర్మాణం
జేవీసీ చిన్న కంపెనీ. ఒంటరిగా సోనీని ఎదుర్కోలేదు. అందుకే తన ప్రమాణాన్ని ఇతరులకు ధారాళంగా ఇచ్చింది. హిటాచీ, షార్ప్, మిత్సుబిషి దానితో చేరాయి. జేవీసీలో ప్రధాన వాటాదారైన మత్సుషిత 1977 జనవరిలో వీహెచ్ఎస్‌ను స్వీకరించి, తన భారీ ఉత్పత్తి సామర్థ్యాన్ని కూటమికి సమకూర్చింది. యంత్రాలు తామే తయారుచేసి, ఇతర కంపెనీల పేరుతో అమ్ముకోనివ్వడానికి ఈ కూటమి వెనకాడలేదు. సోనీ మొదట్లో ఇందుకు ఇష్టపడలేదు. తర్వాత అమెరికాలో జెనిత్ కంపెనీకి సరఫరా చేసినా, జపాన్‌లో తోషిబా, సాన్యో కలిసి వచ్చినా, అప్పటికే అవతలి కూటమి బలపడింది. 1978 నాటికి వార్షిక ఉత్పత్తిలో వీహెచ్ఎస్ ముందంజ వేసింది.

5. అద్దె దుకాణాల ప్రభావం
1977 నుంచి అమెరికాలో సినిమా క్యాసెట్లు అమ్మకానికి, అద్దెకు రావడం మొదలైంది. దుకాణంలో అరలు పరిమితం. ఏ యంత్రాలు ఎక్కువ ఇళ్లలో ఉంటే, దుకాణదారు ఆ క్యాసెట్లనే ఎక్కువగా ఉంచుతాడు. ఏ క్యాసెట్లు ఎక్కువ దొరికితే, కొత్త కొనుగోలుదారు ఆ యంత్రాన్నే ఎంచుకుంటాడు. వాడేవారి సంఖ్యతోపాటు వస్తువు విలువ పెరిగే ఈ స్థితిని నెట్‌వర్క్ ప్రభావం అంటారు. చిన్న తేడా ఈ విధంగా పూడ్చలేని అంతరంగా మారింది.

1980లలో మన పట్టణాల్లోని వీడియో దుకాణాల్లోనూ వీహెచ్ఎస్‌దే పైచేయి. మూడు గంటల క్యాసెట్‌లో రెండున్నర గంటల తెలుగు సినిమా మొత్తం పట్టేది.

మరో విశేషం గమనించండి. ఇంట్లో టీవీ కార్యక్రమాలు రికార్డు చేసుకోవడం కాపీరైట్ ఉల్లంఘన అంటూ యూనివర్సల్, డిస్నీ సంస్థలు 1976లో సోనీపై దావా వేశాయి. 1984లో అమెరికా సుప్రీంకోర్టు సోనీకి అనుకూలంగా తీర్పు చెప్పింది. వ్యాజ్యం భారం సోనీ మోసింది. కానీ ఆ తీర్పు ఫలం ఎక్కువగా వీహెచ్ఎస్ తయారీదారులకు దక్కింది. చివరకు 1988లో సోనీ కూడా వీహెచ్ఎస్ యంత్రాల తయారీకి దిగింది.

6. సోనీ నేర్చుకున్న పాఠం
బ్లూ-రే, హెచ్‌డీ డీవీడీల పోటీలో సోనీ వ్యూహం మారింది. ముందుగానే పలు కంపెనీలను కూడగట్టింది. 2006లో ప్లేస్టేషన్ 3లోనే బ్లూ-రే అమర్చింది. 2008 జనవరిలో వార్నర్ స్టూడియో బ్లూ-రే పక్షాన చేరింది. మరుసటి నెలలోనే హెచ్‌డీ డీవీడీకి నాయకత్వం వహించిన తోషిబా పోటీ నుంచి తప్పుకుంది.

7. సారాంశం
మేలైనది ఓడిందనడం సగం నిజమే. బొమ్మ నాణ్యత ఒక్కటే కొలబద్ద కాదు. వ్యవధి, ధర, క్యాసెట్ల లభ్యత కూడా వినియోగదారుడి దృష్టిలో నాణ్యతలో భాగమే. ప్రమాణాన్ని పంచుకున్న కంపెనీ లాభాన్ని కూడా పంచుకోవలసి వస్తుంది. కానీ పంచుకోవడానికి సంకోచించిన సోనీ మార్కెట్‌నే పోగొట్టుకుంది.

నమూనా ప్రశ్నలు
1. నెట్‌వర్క్ ప్రభావాన్ని అద్దె దుకాణాల ఉదాహరణతో వివరించండి.
2. ముందుగా మార్కెట్లోకి వచ్చినా సోనీ ఎందుకు ఓడిపోయింది? చర్చించండి.