రాయబార కార్యాలయాలు – సుంకంలేని మద్యం

విదేశీ రాయబార కార్యాలయం మద్యం దిగుమతి చేసుకుంటే కస్టమ్స్ సుంకం ఎందుకు చెల్లించదు? విద్యార్థులారా! దీనికి సమాధానం 1961 నాటి వియన్నా ఒప్పందం, 36వ అధికరణంలో ఉంది. కార్యాలయ అవసరాలకూ, దౌత్యవేత్తల సొంత వాడకానికీ తెచ్చుకునే వస్తువులకు ఈ మినహాయింపు లభిస్తుంది. అయితే దిగుమతి నియమాలు రూపొందించే అధికారం ఆతిథ్య దేశానిదే.

ఈ సౌకర్యం దుర్వినియోగమైతే? 1976 అక్టోబరులో ఉత్తర ఐరోపాలో అదే జరిగింది. అక్కడ మద్యంపై పన్నులు చాలా ఎక్కువ. ఉత్తర కొరియా దౌత్యవేత్తలు సుంకం లేకుండా తెప్పించిన మద్యాన్నీ, సిగరెట్లనూ దొంగచాటుగా అమ్ముతున్నట్లు బయటపడింది. మరి వారిని అరెస్టు చేయవచ్చు కదా అని మీరు అడగవచ్చు. చేయకూడదు. 29వ అధికరణం దౌత్యవేత్తను నిర్బంధించరాదంటుంది. మిగిలిన మార్గం 9వ అధికరణం: ఆ దౌత్యవేత్త తమకు ఆమోదయోగ్యుడు కాడని ప్రకటించి, వెనక్కి పంపించడం. డెన్మార్క్ ఏకంగా రాయబారినే పంపివేసింది. నార్వే, ఫిన్లాండ్ కూడా బహిష్కరణకు దిగాయి.

దౌత్య మినహాయింపులు వ్యక్తుల లాభానికి కాదు, విధులు సక్రమంగా సాగడానికేనని ఒప్పంద పీఠిక స్పష్టం చేస్తోంది. ఈ ఒప్పందానికి మన పార్లమెంటు 1972లో చట్టబలం కల్పించింది. కాబట్టి గుర్తుంచుకోండి: సుంకం మాఫీ అయినది వాడకానికే, వ్యాపారానికి కాదు.