ఆసియా యువ ఫుట్‌బాల్‌లో హైదరాబాద్ జాడ

ఆసియా యువ ఫుట్‌బాల్ ఛాంపియన్‌షిప్ 1959లో కౌలాలంపూర్‌లో మొదలైంది. మలయా తొలి ప్రధాని టుంకు అబ్దుల్ రహమాన్ అంతకు ముందు ఏడాదే ఆసియా ఫుట్‌బాల్ సమాఖ్య పగ్గాలు చేపట్టారు. కొత్తగా స్వతంత్రం వచ్చిన దేశాల కుర్రాళ్లు ఏటా ఒకచోట చేరి ఆడేందుకు ఈ పోటీ వేదికైంది. మొదటి రెండేళ్లూ దక్షిణ కొరియా గెలిచింది. ఆ తర్వాతి కాలం బర్మాది. 1961 నుంచి 1970 దాకా ఆ దేశం ఏడుసార్లు విజేతగా నిలిచింది, వాటిలో కొన్ని ఉమ్మడి విజయాలు. ఫైనల్ సమంగా ముగిస్తే కప్పును ఇద్దరికీ పంచడం ఈ టోర్నీలో మామూలు సంగతే. 1970ల నడుమ ఇరాన్ వంతు వచ్చింది. 1973 మొదలు వరుసగా నాలుగేళ్లు విజేతల పట్టికలో దాని పేరే కనిపిస్తుంది. ఆ నాలుగింటిలో ఒకదాని పక్కన భారత్ పేరు కూడా ఉంది.

అది 1974, బ్యాంకాక్. ఫైనల్లో ఇరాన్, భారత్ చెరి రెండు గోల్స్ చేశాయి, రెండు జట్లనూ సంయుక్త విజేతలుగా ప్రకటించారు. అరుణ్ ఘోష్ శిక్షణలో ఆడిన ఆ భారత జట్టుకు కెప్టెన్ హైదరాబాద్ కుర్రాడు షబ్బీర్ అలీ. 1956 ఏప్రిల్‌లో పుట్టిన అతనికి అప్పుడు 18 ఏళ్లు. తర్వాత కలకత్తాలో ఈస్ట్ బెంగాల్, మొహమ్మదన్ స్పోర్టింగ్ జట్లకు ఫార్వర్డ్‌గా ఆడాడు, సీనియర్ జాతీయ జట్టుకూ నాయకత్వం వహించాడు. కోచ్‌గా 1998-99లో గోవా జట్టు సాల్గావ్‌కర్‌కు జాతీయ లీగ్ గెలిపించాడు. 2011లో ధ్యాన్‌చంద్ అవార్డు అందుకున్నాడు. యువ జట్ల ఆసియా పోటీలో భారత్ గెలిచిన టైటిల్ నేటికీ ఆ ఒక్కటే. అంతటి విజయం హైదరాబాద్‌లోనే చాలామందికి తెలియకపోవడం బాధ కలిగిస్తుంది.

షబ్బీర్ అలీ ఆకాశం నుంచి ఊడిపడలేదు. అతని వెనుక ఒక ఊరి ఫుట్‌బాల్ అలవాటు ఉంది, దానికి పునాది వేసిన ఒక బడిపంతులు ఉన్నాడు. సయ్యద్ అబ్దుల్ రహీం 1909లో హైదరాబాద్‌లో పుట్టారు. ఉస్మానియాలో చదివి, కాచిగూడ, చాదర్‌ఘాట్ వంటి చోట్ల పాఠశాలల్లో పాఠాలు చెప్పారు. 1943 నుంచి హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శిగా ఉన్నారు. ఆయన శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు బొంబాయిలో రోవర్స్ కప్ గెలిచింది. 1951, 1962 ఆసియా క్రీడల్లో భారత్‌కు స్వర్ణాలు, 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం వచ్చింది ఆయన హయాంలోనే.

ఈ విజయాల సంగతి పుస్తకాల్లో దొరుకుతుంది. అంతగా చెప్పుకోనిది, చెప్పుకోవలసింది, ఆయన కుర్రాళ్లను తయారుచేసిన పద్ధతి. రహీం నగరంలో డ్రిబ్లింగ్ నిషేధించిన పోటీలు పెట్టేవారు. బంతిని కాళ్ల మధ్య ఆడిస్తూ ఒక్కడే ముందుకు పోవడం అక్కడ కుదరదు. అందుకున్న వెంటనే పక్కవాడికి అందించాలి. అలాంటి ఆటలో కుర్రాడికి బంతి రాకముందే తోటివాళ్లు ఎక్కడెక్కడ ఉన్నారో చూసిపెట్టుకోవాలి, బంతి ఇచ్చేశాక ఖాళీ జాగాలోకి పరుగెత్తాలి. బలహీనమైన కాలితోనే ఆడాలన్న నియమంతో ఇంకొన్ని పోటీలు జరిపేవారు. కుడికాలి వాటం ఉన్నవాడు పొద్దస్తమానం ఎడమకాలితో తన్నక తప్పదు. ఇలా పెరిగిన ఆటగాడికి ఏ వైపు నుంచి బంతి వచ్చినా తడబాటు ఉండదు. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో చాలామంది వట్టి కాళ్లతోనే ఆడిన భారత జట్టు యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడింది. శరీర బలంలో యూరప్ జట్లతో సరితూగలేనప్పుడు వేగంగా అందించుకునే ఆటే దిక్కు. రహీం పట్టుబట్టింది ఆ ఆట కోసమే.

ఆ పంట అంతా ఒకేసారి చేతికి రాలేదు. సికింద్రాబాద్ అమ్ముగూడలో 1936లో పుట్టిన తులసీదాస్ బలరాం ఇరవై ఏళ్లకే మెల్బోర్న్ జట్టులో ఉన్నాడు. హైదరాబాద్ 1956-57, 1957-58ల్లో సంతోష్ ట్రోఫీ గెలిచింది, 1965-66లో అదే ట్రోఫీ ఆంధ్రప్రదేశ్ పేరుతో వచ్చింది. రహీం 1963 జూన్‌లో క్యాన్సర్‌తో చనిపోయారు. ఆయన నాటిన అలవాటు మాత్రం మరో తరం దాకా నిలిచింది. 1970లో ఇదే బ్యాంకాక్‌లో ఆసియా క్రీడల కాంస్యం గెలిచిన భారత జట్టుకు కెప్టెన్ సయ్యద్ నయీముద్దీన్, ఆయనా హైదరాబాదీయే. నాలుగేళ్లకు షబ్బీర్ అలీ అదే బ్యాంకాక్‌లో యువ జట్టును నడిపించాడు.

ఆ తర్వాత హైదరాబాద్ ఫుట్‌బాల్ వెనకబడింది. ఉద్యోగం చూపి ఆటగాళ్లను నిలుపుకున్న సంస్థల జట్లు బలహీనపడ్డాయి, మంచి ఆటగాళ్లు కలకత్తా దారి పట్టారు, కుర్రాళ్ల మనసు క్రికెట్ మీదికి మళ్లింది. అటు పోటీ స్వరూపమూ మారింది. 1977లో ట్యునీషియాలో ప్రపంచ యువ ఛాంపియన్‌షిప్ మొదలయ్యాక ఆసియా టోర్నీ దానికి అర్హత పోటీ అయింది. ఏటా జరిగేది రెండేళ్లకోసారి జరగసాగింది. 2023 నుంచి దాని పేరు అండర్-20 ఆసియా కప్. 2017లో అండర్-17 ప్రపంచకప్‌కు భారత్ ఆతిథ్యమిచ్చింది. ఢిల్లీ, కోల్‌కతా, నవీ ముంబై, గౌహతి, కొచ్చి, మడ్‌గావ్ వేదికలయ్యాయి. ఫైనల్లో ఇంగ్లండ్ 5-2తో స్పెయిన్‌ను ఓడించింది. రహీం ఊరికి ఒక్క మ్యాచ్ కూడా దక్కలేదు.

ఈలోగా యువ ఫుట్‌బాల్ కొత్త చోట్లకు చేరింది. ఛత్తీస్‌గఢ్‌లో, తెలుగు నేల పొలిమేరకు ఆనుకుని ఉన్న బస్తర్‌లో, నారాయణపూర్ రామకృష్ణ మిషన్ ఆశ్రమం ఎన్నో ఏళ్లుగా అబూజ్‌మాడ్ ఆదివాసీ పిల్లలకు చదువుతో పాటు ఫుట్‌బాల్ నేర్పుతోంది. 2024లో అండర్-20 జాతీయ ఛాంపియన్‌షిప్ ఆ ఆశ్రమ మైదానంలోనే జరిగింది, రాష్ట్రాల జట్లు అక్కడికి వచ్చి ఆడాయి. అదే ఏడాది చివర్లో ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం బస్తర్ ఒలింపిక్స్ మొదలుపెట్టింది. అందులో ఫుట్‌బాల్ కూడా ఒక పోటీ. ఏడు జిల్లాల పిల్లలూ పెద్దలూ అందులో పాల్గొన్నారు.