పుట్టని దేశానికి ప్రయాణం

1948 సెప్టెంబర్ 18. హైదరాబాద్ నిజాం సేనాని ఎల్ ఎద్రూస్ భారత సైన్యానికి లొంగిపోయాడు. అరబ్ సంతతికి చెందిన సేనాని ఆయన. చాంద్రాయణగుట్ట పక్కన బర్కాస్‌లో, నిజాం అరబ్బు దళమైన మైసారం రెజిమెంటు జవాన్ల ఇళ్లకు అసలు గండం ఆ తర్వాతే మొదలైంది.

ఏదో ఒక ఇంట్లో ఆ రాత్రుల్లో ఇలాంటి మాటలే నడిచి ఉంటాయి.

"తుపాకీ అప్పజెప్పి వచ్చాను."

"మరి జీతం?"

"ఇక లేదు. మనల్ని అరబ్బు దేశం పంపిస్తారట."

"మీరు పుట్టిందే ఇక్కడ కదండీ! పిల్లలు సముద్రమన్నా చూడలేదు."

అతను మాట్లాడలేదు.

యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి అతని తాతలు బతుకుతెరువు కోసం వచ్చారు. 19వ శతాబ్దంలో హైదరాబాద్ ఖజానాలకు కావలి కాసింది అరబ్బులే. జాగీర్దార్లకు అప్పులిచ్చిందీ వాళ్లే. ఇక్కడ జమేదారుగా పనిచేసిన ఉమర్ బిన్ అవద్ అల్ ఖుఐతీ సంపాదన అతని కొడుకుల చేతుల్లో అక్కడ ఏకంగా ఒక రాజ్యమైంది. 1881లో ముకల్లా రేవు వాళ్ల వశమైంది. ఆ సుల్తానులు నిజాం ఇచ్చిన 'జంగ్' బిరుదులు పెట్టుకునేవారు. మామూలు సిపాయికి మాత్రం రాజ్యం లేదు. ఇక్కడి పిల్లను పెళ్లాడాడు, దక్కనీ మాట్లాడాడు, జీతంలో కొంత అక్కడి బంధువులకు పంపాడు.

'పోలీసు చర్య'గా పిలిచే ఆ భారత సైనిక చర్య తర్వాత అరబ్బు దళాలను రద్దు చేశారు. చాలామందిని నిర్బంధించారు. కొందరిని ఓడలెక్కించి 'సొంత' దేశానికి పంపేశారు. అదే సమయంలో, 1948-49లో, హద్రమౌత్‌ను కరువు కబళిస్తోంది. హైదరాబాద్, జావాల నుంచి వచ్చే డబ్బు మీద బతికే ఊళ్లకు ఆ డబ్బే ఆగిపోయింది. ఆకలితో ఉన్న ఊరికి మరిన్ని ఆకలి కడుపులను తోలారు. ఇది అన్యాయం. నిజాం పాలనకు కొమ్ముకాసిన సాయుధ రజాకార్ల దౌర్జన్యాలకు జవాబు చెప్పాల్సినవాళ్లు చెప్పాల్సిందే. కానీ పుట్టుకను నేరంగా లెక్కగట్టడం న్యాయం అనిపించుకోదు.

నిలిచిపోయినవాళ్లు నిలదొక్కుకున్నారు. బర్కాస్ జామకాయలు, పెళ్లిళ్లలో మర్ఫా వాద్యాల దరువు, రంజాన్‌లో వండే హరీస్ నగరమంతటివీ అయ్యాయి. మనవలు గల్ఫ్ కొలువులకు వెళ్లారు.

ఆ నిర్బంధాన్ని చిన్నతనంలో కళ్లారా చూసినవాళ్లకు ఇప్పుడు ఎనభై దాటి ఉంటాయి. విశ్వవిద్యాలయాల చరిత్ర శాఖలు వాళ్ల మాటలను ఈ ఏడాదే నమోదు చేయాలి.