విమానం టిక్కెట్టు కథా కమామీషు

దీపావళి సంబరాల్లో భోజనాల వరుసలో నిలబడితే ప్రతి ఏడూ వినిపించే ప్రశ్న ఒకటుంది. "డిసెంబరుకి ఇండియా వెళ్తున్నారటగా, టిక్కెట్టు ఎంత పడింది?" మన జవాబు విని అడిగినవారి మొహం వికసించిందంటే మనం ఎక్కువ పెట్టామని అర్థం. ముడుచుకుందంటే వారు ఎక్కువ పెట్టారన్నమాట! ఒకే విమానం, ఒకే వరుస, అదే చల్లారిన ఉప్మా. ధరలు మాత్రం ఎవరివి వారివే.

ఈ విషయం నాకు నవ్వులాటగానే ఉండేది, ఒక రాత్రి వరకూ. కొన్నేళ్ళ క్రితం మా నాన్నగారికి బాగా సుస్తీ చేసిందని అర్ధరాత్రి ఫోను వచ్చింది. తెల్లవారేసరికి దొరికిన టిక్కెట్టు కొనుక్కుని బయల్దేరాను. పక్క సీటులో ఒక కుర్రవాడు, చెల్లెలి పెళ్ళికి వెళుతున్నాడు. నాలుగు నెలల ముందే కొనుక్కున్నాడట. నేను ఇచ్చినదాంట్లో సగం కూడా ఇవ్వలేదు. అతని మీద నాకు కోపం రాలేదు. కానీ "ఇద్దరికీ దూరం ఒకటే కదా, నా అవసరానికి వెల కట్టింది ఎవరు?" అన్న ప్రశ్న మనసులో ఉండిపోయింది. దానికి జవాబు వెతుకుతూ తెలుసుకున్న సంగతులే ఈ వ్యాసం.

అందరికీ ఒకే ధర

ముందుగా చెప్పుకోవలసింది ఏమిటంటే, విమానం ధరలు ఎప్పుడూ ఇలా లేవు. 1938లో అమెరికా ప్రభుత్వం విమానయానాన్ని అదుపులో పెట్టడానికి ఒక చట్టం చేసింది. దాని నుంచి పుట్టిన సివిల్ ఏరోనాటిక్స్ బోర్డు, రాష్ట్రాల మధ్య ఏ సంస్థ ఏ ఊరికి నడపాలో, ఎంత తీసుకోవాలో నిర్ణయించేది. తరువాతి 40 ఏళ్ళలో దేశమంతా తిరిగే పెద్ద సంస్థల జాబితాలోకి కొత్తగా ఒక్కదాన్నీ రానివ్వలేదు.

దేశాల మధ్య నడిచే విమానాల సంగతీ అంతే. 1945లో క్యూబా రాజధాని హవానాలో విమాన సంస్థలన్నీ కలిసి ఐయాటా అనే సంఘం పెట్టుకున్నాయి. మరుసటి ఏడు అమెరికా, బ్రిటన్ బెర్ముడాలో ఒప్పందం చేసుకున్నాయి. ఐయాటా సమావేశాల్లో సంస్థలు ధరలు కుదుర్చుకోవాలి, వాటిని ప్రభుత్వాలు ఆమోదించాలి. చాలా దేశాలు అదే దారి పట్టాయి. ధర తగ్గించి పోటీ పడే వీలు లేకపోయేసరికి భోజనంతో పోటీ పడడం మొదలైంది. 1958లో అట్లాంటిక్ మీద ఎకానమీ తరగతి పెట్టినప్పుడు, అందులో చల్లని మామూలు శాండ్‌విచ్ తప్ప మరేమీ పెట్టకూడదని నియమం చేశారు. స్కాండినేవియా వారి ఎస్.ఏ.ఎస్. సంస్థ శాండ్‌విచ్ పేరుతో విందు భోజనమే వడ్డించిందని పోటీదార్లు ఫిర్యాదు చేస్తే, ఆ సంస్థకి 20 వేల డాలర్ల జరిమానా పడింది. రొట్టె ముక్క మీద తగవు అంత దూరం వెళ్ళింది!

1960 మే నెలలో ఎయిర్ ఇండియా బోయింగ్ 707 న్యూయార్కుకి రావడం మొదలైంది. 1965లో వలస చట్టం మారాక మన డాక్టర్లు, ఇంజనీర్లు రావడం పెరిగింది. ఆ రోజుల్లో వచ్చిన పెద్దలను అడిగి చూడండి. ఇంటికి వెళ్ళడమంటే కొన్నేళ్ళకొకసారి మాట. ధర అందరికీ ఒకటే, కాకపోతే అందరికీ భారమే.

ఆరు నెలల సభ్యత్వం

ఈ కట్టుబాటులో ఒక కిటికీ ఉండేది. ప్రయాణం కోసం కాక మరో పని కోసం ఏర్పడిన సంఘం ఏదైనా మొత్తం విమానాన్ని అద్దెకు తీసుకుని, ఖర్చు సభ్యులు పంచుకోవచ్చు. షరతు ఏమిటంటే ప్రయాణికుడు కనీసం ఆరు నెలల ముందే సంఘంలో చేరి ఉండాలి. మనలాంటి సాంస్కృతిక సంఘాలకు అతికినట్టు సరిపోయే నియమం. దీనివల్ల 1960లలో అట్లాంటిక్ ఇరువైపులా కాగితాల మీదే పుట్టిన క్లబ్బులు పుట్టగొడుగుల్లా లేచాయి. సభ్యత్వం నిజమా కాదా అని అధికారులు విమానాశ్రయాల్లో ప్రయాణికులను నిలదీసేవారు.

ఈ తతంగంతో విసిగిపోయిన వాళ్ళలో ఫ్రెడ్డీ లేకర్ అనే ఆంగ్లేయుడు ఒకడు. ఆయన ఏళ్ళ తరబడి పోరాడి, 1977 సెప్టెంబరు 26న లండన్ నుంచి న్యూయార్కుకి 'స్కైట్రెయిన్' నడిపాడు. ముందస్తు రిజర్వేషను లేదు, వరుసలో నిలబడి టిక్కెట్టు కొనుక్కోవాలి, తిండికి వేరే డబ్బు. ఒకవైపు ధర 59 పౌన్లు. పెద్ద సంస్థలూ ధరలు తగ్గించక తప్పలేదు. 1982 ఫిబ్రవరిలో లేకర్ కంపెనీ దివాలా తీసింది గానీ, ఆయన తెరిచిన తలుపు మళ్ళీ మూతపడలేదు.

ఇక్కడ అమెరికాలో 1978 అక్టోబరు 24న ప్రెసిడెంటు కార్టర్ విమానయానం మీద ప్రభుత్వ అదుపు తొలగించే చట్టం మీద సంతకం చేశారు. 1984 ముగిసేసరికి ఆ బోర్డే లేకుండా పోయింది.

ఖాళీ సీటు లెక్క

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. విమానంలో సీటు సంతలో వంకాయల్లాంటిది. పొద్దుగూకితే వంకాయ వాడిపోతుంది. తలుపు మూసుకుంటే ఖాళీ సీటు విలువ సున్నా. అలాగని అన్నీ ముందే చౌకగా అమ్మేస్తే, ఆఖరి నిమిషంలో ఎంతైనా ఇచ్చి కొనేవాడికి సీటు మిగలదు. ఎన్ని అమ్మాలి, ఎన్ని దాచాలి?

బ్రిటిష్ సంస్థ బి.ఓ.ఏ.సి.లో పనిచేసిన కెన్ లిటిల్‌వుడ్ 1972లో దీనికి ఒక సూత్రం చెప్పాడు. చౌక ధర 500 డాలర్లు, పెద్ద ధర 1500 అనుకుందాం. 1500 ఇచ్చేవాడు తరువాత వచ్చే అవకాశం మూడింట ఒక వంతు కంటే ఎక్కువుంటే ఆ సీటు దాచు; తక్కువుంటే ఇప్పుడే 500కి అమ్మేయి. సూత్రం ఇంతే. కష్టమల్లా వేలాది విమానాలకు రోజూ ఈ లెక్క వేయడం.

ఆ పని కంప్యూటర్లు చేశాయి. 1953లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ అధ్యక్షుడు సి.ఆర్. స్మిత్‌కి విమానంలో పక్క సీటులో ఐ.బి.ఎం. ఉద్యోగి ఒకాయన తగిలాడు. ఆయన ఇంటిపేరూ స్మిత్తే. ఆ కబుర్ల నుంచి పుట్టిన 'సేబర్' రిజర్వేషను యంత్రాంగం 1964 నాటికి పూర్తిగా పనిలోకి వచ్చింది. 1977లో అదే సంస్థ 'సూపర్ సేవర్' పేరుతో ముందుగా కొన్నవారికి తగ్గింపు ధర పెట్టింది. 1981లో నెవార్క్ నుంచి పీపుల్ ఎక్స్‌ప్రెస్ అనే కొత్త సంస్థ అతి చౌకగా నడపడం మొదలుపెట్టేసరికి పెద్ద సంస్థలు ఇరుకున పడ్డాయి. 1985 జనవరిలో అమెరికన్ ఎయిర్‌లైన్స్ జవాబు ఇచ్చింది. కొన్ని సీట్లు మాత్రమే పోటీదారు ధరకి ఇచ్చి, మిగతావి పాత ధరకే అమ్మింది. చౌక టిక్కెట్టు కావాలంటే ముందుగా కొనాలి, శనివారం రాత్రి అక్కడే ఉండాలి వంటి షరతులు పెట్టింది. వ్యాపారం మీద వెళ్ళేవాడు శనివారానికి ఇల్లు చేరాలనుకుంటాడు, పెళ్ళికి వెళ్ళేవాడికి ఆ తొందర లేదు. ఆ తేడాయే వల. సుమారు రెండేళ్ళలోనే పీపుల్ ఎక్స్‌ప్రెస్ మరో సంస్థలో కలిసిపోయింది.

1992లో అదే అమెరికన్ ఎయిర్‌లైన్స్ ఈ గందరగోళం వద్దని నాలుగే రకాల ధరలు ప్రకటించింది. పోటీవారు కలిసిరాలేదు, ధరల యుద్ధం వచ్చింది, కొద్ది నెలల్లోనే ఆ ప్రయత్నం అటకెక్కింది. మొదలుపెట్టినవారే ఆపలేని ఆట అది.

మన దారి

ఇండియా ప్రయాణాల్లో ధరలు ఇంత తొందరగా విడివడలేదు, ఎందుకంటే అవి రెండు ప్రభుత్వాల ఒప్పందాల మీద నడిచేవి. అందుకే 1980, 90లలో మనవాళ్ళందరూ మన ట్రావెల్ ఏజెంట్ల మీదే ఆధారపడేవారు. వారు సంస్థల దగ్గర బయటికి ప్రకటించని ధరకు గంపగుత్తగా సీట్లు తెచ్చి అమ్మేవారు. 1995లో అమెరికా సంస్థలు ఏజెంట్ల కమిషనుకి పరిమితి పెట్టాయి. 1996లో ట్రావెలాసిటీ, ఎక్స్‌పీడియా ఇంటర్నెట్టులో తలుపులు తెరిచాయి. 2005 ఏప్రిల్లో ఇండియా, అమెరికా ఆకాశ మార్గాలు తెరుస్తూ ఒప్పందం చేసుకున్నాయి. గల్ఫ్ సంస్థలు దుబాయి, దోహాల మీదుగా మనల్ని చేరవేయడం మొదలుపెట్టాక పోటీ ఇంకా పెరిగింది. ఎక్కడా ఆగకుండా వెళ్ళే విమానం కన్నా మధ్యలో దిగి మారేది తరచు చౌకగా ఉండడానికి కారణం ఇదే. అలసట తగ్గడానికి డబ్బిచ్చేవారు కొందరుంటారని వారికి తెలుసు.

మనం చేయగలిగింది

ఈ చరిత్ర తెలిస్తే మెలకువలు వాటంతట అవే తెలుస్తాయి. లోపల ఎకానమీ ఒక్కటిగా కనిపించినా, లెక్కలో అది వై, ఎం, క్యూ అంటూ అక్షరాల పేర్లున్న ఎన్నో గదులు. నలుగురికి ఒకేసారి అడిగినప్పుడు చౌక గదిలో రెండే సీట్లు మిగిలి ఉంటే, సాధారణంగా నలుగురికీ పై గది ధరే చూపిస్తారు. అందుకని ముందు ఒక్కరికి, తరువాత ఇద్దరికి అడిగి చూడండి. అయితే విడివిడిగా కొంటే, ఒక విమానం రద్దయినప్పుడు కుటుంబం విడిపోయే ప్రమాదం ఉందని మరవకండి.

పిల్లల బడికి సెలవులిచ్చే రోజునే బయల్దేరకుండా నాలుగు రోజులు అటూ ఇటూ చూడండి. హైదరాబాదు ధర ఎక్కువుంటే విజయవాడ, విశాఖపట్నం, చెన్నై కూడా చూడండి. కానీ చౌక కోసం రెండు వేరువేరు టిక్కెట్లు కలిపితే, మొదటి విమానం ఆలస్యమైనప్పుడు రెండో సంస్థకు బాధ్యత ఉండదు. ఇండియా పాస్‌పోర్టు మీద వచ్చే అమ్మానాన్నలకు మధ్యలో దిగే దేశంలో ట్రాన్సిట్ వీసా కావాలేమో కూడా ముందే చూసుకోవాలి.

2012 జనవరి నుంచి అమెరికాలో అమలైన నియమాల ప్రకారం, ప్రకటించే ధరలో పన్నులన్నీ కలిపే చూపాలి. బయల్దేరడానికి వారం పైగా ఉండగా నేరుగా విమాన సంస్థ దగ్గర కొంటే, 24 గంటల్లో రద్దు చేసుకుని పూర్తి డబ్బు తీసుకునే వీలుండాలి, లేదా డబ్బు కట్టకుండా ఆ ధరను 24 గంటలు నిలిపి ఉంచాలి. ఈ ఒక్కరోజు గడువు వాడుకోండి. ఏజెంట్ల దగ్గర కొంటే ఇది వర్తించకపోవచ్చు.

ఇక నా పాత ప్రశ్న. నా అవసరానికి వెల కట్టింది ఒక మనిషి కాదు. ఆఖరి నిమిషంలో వచ్చేవాడు ఎంతైనా ఇస్తాడని నమ్మే లెక్క. వ్యాపారస్తుణ్ణి పట్టడానికి వేసిన ఆ వలలో, తండ్రిని చూడాలని పరుగెత్తే కొడుకూ పడతాడు. లెక్కకి ఇద్దరూ ఒకటే. ఇలాంటి సమయాల కోసం ఒకప్పుడు చాలా సంస్థలు తగ్గింపు ఇచ్చేవి, తరువాత ఎక్కువమంది ఎత్తేశారు. కొందరు ఇంకా ఇస్తారు కాబట్టి ఫోను చేసి అడగడంలో తప్పు లేదు. మన చేతిలో ఉన్నది మాత్రం ఒకటుంది. పండగ ప్రయాణాల్లో ముందుచూపుతో మిగిల్చిన డబ్బులో కొంత, పోగైన మైళ్ళలో కొన్ని, ఆ అర్ధరాత్రి ఫోను కోసం పక్కన పెట్టుకుందాం. మనకు అవసరం రాకపోతే, సంఘంలో కొత్తగా వచ్చిన కుర్రవాడికెవరికైనా అక్కరకు వస్తాయి.

ఆ ప్రయాణంలో నేను వేళకి చేరుకోగలిగాను. నాన్నగారితో రెండు రోజులు మాట్లాడగలిగాను. ఆ టిక్కెట్టుకి ఎక్కువ పెట్టానని ఆ తరువాత ఏనాడూ అనుకోలేదు.

అందరికీ దీపావళి శుభాకాంక్షలు. ఈసారి భోజనాల వరుసలో కనబడితే, ఎంత పడిందో తప్పకుండా చెప్పండి!