సోమరి పోనీ, బుల్లి రౌతు

బ్రిటన్‌లో పసిపిల్లలకి స్వారీ నేర్పడానికి తరచూ ఎంచుకునేది షెట్లాండ్ పోనీని. ఎత్తు 42 అంగుళాలకి మించదు. డొక్కలో ఎంత తన్నినా కదలదని దానికి సోమరి అన్న పేరొకటి. నాకైతే అది అన్యాయం అనిపిస్తుంది.

1842 నాటి చట్టం పదేళ్ళలోపు మగపిల్లల్నీ, ఆడవాళ్ళందర్నీ అక్కడి బొగ్గుగనుల లోపలి పని నుంచి తప్పించింది. ఆ తరవాత ఇరుకు సొరంగాల్లో బొగ్గు తొట్లు లాగడానికి ఈ పొట్టి గుర్రాలకి గిరాకీ పెరిగింది. అంటే ఇది పిల్లల్నే కాదు, పిల్లల చాకిరీని కూడా మోసింది!

మరి కదలకపోవడం? అడుగడుక్కీ మడమతో పొడుస్తుంటే ఆ పోటుకి అర్థం పోతుంది, మన ఫోన్లో నోటిఫికేషన్లలాగే. ఒక్కసారి కాలు నొక్కి, అది అడుగెయ్యగానే వదిలెయ్యాలి. ఆ వదలడమే దానికి బహుమతి. క్రీ.పూ. 4వ శతాబ్దంలోనే గ్రీకు రచయిత జెనొఫోన్ తన అశ్వశిక్షణ గ్రంథంలో ఈ దారినే చూపించాడు: బలవంతాన చేయించిన పని గుర్రానికి అర్థం కాదు, నర్తకుణ్ణి కొరడాతో ఆడించినట్టే, కోపంతో దాని జోలికి పోకూడదు.

నాలుగేళ్ళ పిల్ల కాలికి అంత బలం ఎక్కడిది? అందుకే పెద్దవాళ్ళొకరు పగ్గం పట్టుకుని పక్కన నడుస్తారు. పిల్ల కాలు నొక్కాకే వాళ్ళు అడుగెయ్యాలి. ముందే లాగేస్తే పోనీ నేర్చుకునేది వాళ్ళ మాట, పిల్ల మాట కాదు.